అటకమీది పాత కంప్యూటరు: ఇంటి కాగితములకు గాదె



2023 సంవత్సరము డిసెంబరు 5వ తేదీన మిచౌంగ్ తుపాను బాపట్ల సమీపమున తీరము దాటినది. కోతకు వచ్చిన వరి పడిపోయినది. కోసిన పనలు నీట నానినవి. కళ్లములలోని ధాన్యము తడిసినది. ఆ రాత్రి మా పరిధిలోని యొక కౌలురైతు తన ధాన్యపు రాశిమీద పట్టాలు కప్పుచుండగా చొక్కా జేబులోని ఫోను జారి నీటిలో పడినది. మరునాడు దానిని తుడిచి, బియ్యపు డబ్బాలో పెట్టి చూచెను. దానికి ప్రాణము రాలేదు.

ధాన్యములో కొంత యెండబెట్టి దక్కించుకొనెను. ఫోనులోనిది ఒక్కటియు దక్కలేదు. కౌలు ఒడంబడిక ఫోటో, ఎరువుల రసీదులు, గత సంవత్సరపు కాటా చీటీలు, ముందు రోజు తీసిన చేని చిత్రములు అన్నియు దానిలోనే యుండెను. మేము చూడబోయినపుడు అతడు మాతో ఇట్లనెను: "అయ్యగారూ, గింజ తడిస్తే ఎండేసుకున్నాను. ఫోటోలు ఎక్కడ ఎండేసుకోను?"

మేము జవాబు చెప్పలేకపోతిమి. కాని కూర్చుండి మాటలాడుచుండగా, ఆ యింటి అటకమీద గోనెసంచిలో చుట్టియున్న యొక ల్యాప్‌టాపు మా కంటబడినది. కుమారుడు చదువుకొన్న రోజులలో కొన్నదట. "కొత్త విండోస్ దానికి ఎక్కదంట, అమ్మితే ఎవరూ కొనరు" అని ఇల్లాలు చెప్పెను. ఆ ల్యాప్‌టాపే నేడు ఆ యింటి కాగితములకు గాదెయైనది. హైదరాబాదులోనున్న కుమారుడును, బ్యాంకు వాకిట నిలిచిన తండ్రియు, అవసరమైన కాగితమును అందులోనుండి తమ ఫోనులోనికి తీసుకొనుచున్నారు. అది యెట్లు చేసితిమో, అందు మేము చేసిన తప్పులతోకూడ, సభ్యులకు తెలుపుటయే ఈ వ్యాసోద్దేశము.

ఇది మనకేల?

సంఘముల లెక్కలను కంప్యూటరులలో చేర్చుటకై 2022 జూన్ 29న కేంద్ర మంత్రివర్గము 63,000 ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘములకు 2,516 కోట్ల రూపాయల పథకమును ఆమోదించినది. సంఘపు పుస్తకములకు ఆ విధముగా ఏర్పాటు జరిగినది. సభ్యుని ఇంటి కాగితములను మాత్రము సభ్యుడే చూచుకొనవలెను.

పెద్ద కంపెనీల వద్ద ఫైలులు దాచుకొనుట మంచిది కాదా యని కొందరడుగుదురు. మంచిదే. పది ముఖ్యమైన కాగితములకు అది చాలును. గూగుల్ ఖాతాలో ఉచితముగా దొరకు చోటు 15 జీబీ. ఉత్తరములు, ఫోటోలు, ఇతర ఫైలులు అన్నియు దానిలోనే యిముడవలెను. పిల్లల పెండ్లి ఫోటోలు, పొలము వీడియోలు చేరగానే అది నిండును. పిమ్మట నెలనెలా అద్దె. సొంత యింటి యంత్రములో ఒక చిన్న డిస్కు పెట్టినచో దానికి అరువది రెట్లకు మించిన చోటు దొరకును. పైగా తాళపుచెవి మన చేతిలోనుండును.

అయితే ఒక మాట మొదటనే చెప్పవలెను. ఇవి నకళ్లు మాత్రమే. పట్టాదారు పాసుపుస్తకము, దస్తావేజు మొదలగు అసలు పత్రములు పెట్టెలోనే భద్రముగా నుండవలెను.

యంత్రము నెంచుట

పాత యంత్రమునకు మూడు లక్షణములు చూడవలెను. 64 బిట్ల ప్రాసెసరు ఉండవలెను. 4 జీబీ జ్ఞాపకశక్తి యున్న చాలును. రూటరు నుండి తీగ తగిలించు రంధ్రముండవలెను. విండోస్ 10కు కంపెనీవారి సాధారణ పోషణ 2025 అక్టోబరు 14తో ముగిసినది. ఆ కారణముచే మూలబడిన యంత్రములు చాలవరకు ఈ పనికి పనికివచ్చును. తరువాతి విండోస్ ఎక్కదనుట యంత్రము చచ్చినదనుట కాదు.

ల్యాప్‌టాపునకు ఒక విశేషము కలదు. దాని బ్యాటరీ బాగున్నచో కరెంటు పోయినపుడు కొంతసేపు తానే నిలుచును. బల్లమీది పెద్ద కంప్యూటరునకు వేరుగా యూపీఎస్ కొనవలెను. వ్రాయుచుండగా కరెంటు పోయినచో ఫైలు చెడును. ఒక్కొక్కప్పుడు డిస్కులోని లెక్కయంతయు తారుమారగును. కాని ఉబ్బిన బ్యాటరీని క్షణమైనను ఉంచరాదు. అట్టిది అంటుకొనును. తీయించి వేయవలెను.

ఇక కరెంటు ఖర్చు. పాత ల్యాప్‌టాపు పనిలేక యున్నపుడు సుమారు 15 వాట్లు వాడుననుకొనుడు. దినమునకు 24 గంటలు, నెలకు 30 దినములు లెక్కించిన 10.8 యూనిట్లగును. పెద్ద కంప్యూటరు 50 వాట్లు వాడిన 36 యూనిట్లగును. కావున రెండును ఉన్నవారు ల్యాప్‌టాపునే యెంచుకొనుట లాభము.

యంత్రమును గాలి తగులు చోట నుంచవలెను. వంటయింటి పొగ, ఎరువుల బస్తాల తేమ, ఎలుకలు తీగలను కొరుకుట అనునవి మూడును దానికి శత్రువులు. ఉరుములు వినబడినపుడు కరెంటు ప్లగ్గును మాత్రమేగాక రూటరు తీగనుకూడ పీకవలెను.

పాత సరకు దింపి క్రొత్తది యెక్కించుట

గాదెలో క్రొత్త ధాన్యము పోయుటకు ముందు పాతది తీసి, ఊడ్చి, పూత పూయుదుము గదా! ఇచ్చటను అంతే. రాబోవు పనిలో పాత డిస్కుమీది సమస్తము తుడిచిపెట్టుకొనిపోవును. కావున మొదట అందున్న ఫోటోలను, కాగితములను వేరొక డిస్కునకు ఎత్తుకొనవలెను. ఎత్తినవి తెరచుకొనుచున్నవో లేదో చూడవలెను. ఆ కౌలురైతు ల్యాప్‌టాపులో కీర్తిశేషురాలైన అతని తల్లిగారి ఫోటోలు రెండు దొరికినవి. మరెచ్చటను లేవట. తొందరపడియున్నచో అవి పోయెడివే.

మేము వాడినది ఓపెన్‌మీడియావాల్ట్ అను ఉచిత వ్యవస్థ. ఇది డెబియన్ లినక్సుపై కట్టబడినది. వేరొక కంప్యూటరులో దాని ప్రతిని దింపుకొని, రూఫస్ వంటి పనిముట్టుతో పెన్‌డ్రైవులో వ్రాయవలెను. ఆ పెన్‌డ్రైవును పాత యంత్రమునకు పెట్టి, మొదలగునపుడే బూటు మెనూ తెరచి, పెన్‌డ్రైవు నెంచవలెను. ఆ మీట కంపెనీనిబట్టి మారును. ఎఫ్ 12 గాని ఎఫ్ 9 గాని తరచుగా పనిచేయును. తరువాత అది అడుగు ప్రశ్నలకు జవాబులిచ్చుచు పోవలెను. ఏ డిస్కుపై ఎక్కించవలెనని యడుగునపుడు రెండుమార్లు చదివి యొప్పుకొనవలెను. ఆ సమయమున దాచదలచిన డిస్కు యంత్రమునకు తగిలింపకుండుటయే మేలు.

ఈ వ్యవస్థ తాను కూర్చున్న డిస్కును తనకే యుంచుకొనును. మన సరకునకు రెండవ డిస్కు వేరుగా కావలెను. కావున లోపలి పాత డిస్కు వ్యవస్థకును, యూఎస్‌బీ ద్వారా తగిలించు క్రొత్త డిస్కు కాగితములకును అని విభజించితిమి. డబ్బు ఖర్చైనది ఈ డిస్కునకు మాత్రమే.

ఎక్కించుట ముగియగానే యంత్రపు తెరమీద దాని చిరునామా అంకెలలో కనబడును. ఆ మీదట ఆ యంత్రముముందు కూర్చుండ నక్కరలేదు. ఇంటిలోని మరొక కంప్యూటరు బ్రౌజరులో ఆ అంకెలు వ్రాసిన పాలనపుట తెరచుకొనును. మొదట వ్యవస్థవారిచ్చు రహస్యపదము లోకమునకంతటికి తెలిసినదే. మరే పనియు చేయకమునుపే దానిని మార్చవలెను. అటుపిమ్మట రూటరు అమరికలలో ఈ యంత్రమునకు ఎప్పుడును ఒకే చిరునామా వచ్చునట్లు కట్టడి చేయవలెను. లేనిచో కరెంటు పోయి వచ్చినప్పుడు చిరునామా మారి, మనవారు వెదకుకొందురు.

ల్యాప్‌టాపునకు మూత మూయగనే నిద్రపోవు స్వభావము కలదు. మూత తెరచియుంచుట తేలిక. మూసి వాడదలచినవారు లాగిన్‌డి అమరిక ఫైలులో "హ్యాండిల్ లిడ్ స్విచ్" అను పంక్తిని "ఇగ్నోర్" అని మార్పించుకొనవలెను.

గదులు, తాళములు

పాలనపుటలో వరుసగా నాలుగు పనులు చేయవలెను. క్రొత్త డిస్కుపై ఈఎక్స్‌టీ4 అను ఫైలువ్యవస్థను ఏర్పరచి తగిలించుట మొదటిది. దానిపై పంచుకొను ఫోల్డరులు కట్టుట రెండవది. ఇంటిలో ఒక్కొక్కరికి ఒక్కొక్క పేరును, రహస్యపదమును ఇచ్చుట మూడవది. ఎస్‌ఎంబీ అను సేవను తెరచి, ఆ ఫోల్డరులను అందు చేర్చుట నాలుగవది. ఒక్కొక్క మార్పు తరువాత పైన పసుపుపచ్చని పట్టీ కనబడి, అమలుచేయుదునా యని అడుగును. దానిని నొక్కనిచో చేసినది అమలులోనికి రాదు. క్రొత్తవారు తడబడునది ఎక్కువగా ఇచ్చటనే.

మేము మూడు గదులు కట్టితిమి. మొదటిది "భూమి": పాసుపుస్తకము, శిస్తు రసీదులు, కౌలు కాగితములు. రెండవది "పంట": విత్తనపు బిల్లులు, ఎరువుల రసీదులు, కాటా చీటీలు, చేని ఫోటోలు. మూడవది "ఇల్లు": చదువు పత్రములు, వైద్యుల చీటీలు, కుటుంబ చిత్రములు. "భూమి" గదిలో ఇంటి యజమానికిని కుమారునికిని మాత్రమే వ్రాయు హక్కు. తక్కినవారికి చదువు హక్కు మాత్రమే. పసిపిల్లలు ఫోనుతో ఆడుకొను ఇంట ఈ కట్టడి చాల అవసరము.

ఫైలునకు పేరు పెట్టుటలోను పద్ధతి కావలెను. సంవత్సరము, నెల, తేదీ, తరువాత విషయము, ఈ వరుసలో వ్రాసినచో అవి తామే కాలక్రమమున నిలుచును. "2024-12-18 కాటా చీటీ" అని యున్నదానిని నిమిషములో వెదకవచ్చును. పేరులేని ఫోటోలు వేయి యుండియు లేనివానితో సమానము.

పొరుగూరినుండి తలుపు తీయుట

ఇంతవరకు చేసినది ఇంటిలోనివారికి మాత్రమే కనబడును. ఊరిబయట నుండి తెరచుట వేరు విషయము. మొదట మేము రూటరులో నేరుగా ద్వారము తెరువబోతిమి. అది పనిచేయలేదు. కారణము విచారింపగా తెలిసినదేమనగా, ఇంటర్నెట్టు ఇచ్చువారు అనేక గృహములను ఒకే బహిరంగ చిరునామా వెనుక నుంచుచున్నారు. ఊరిపేరుమాత్రమే వ్రాసిన ఉత్తరమువలె, బయటినుండి వచ్చు పిలుపు ఊరివరకు వచ్చి, ఏ యింటికో తెలియక నిలిచిపోవును.

అది పనిచేయకపోవుట మా యదృష్టమని పిదప గ్రహించితిమి. ఎస్‌ఎంబీ ద్వారమును లోకమునకు తెరచుట గాదె తలుపు తీసి బాటమీద వదలుటయే. 2017 మే నెలలో వన్నాక్రై అను పురుగు విండోస్ ఫైలుపంపిణీలోని లోపమును పట్టుకొని దేశదేశముల యంత్రములలో జొరబడి, ఫైలులకు తాళమువేసి డబ్బడిగినది. ఇంగ్లండులో ఆసుపత్రుల పనికూడ స్తంభించినది. కావున సభ్యులెవ్వరును ఈ ద్వారమును రూటరులో తెరువరాదని గట్టిగా మనవి చేయుచున్నాము.

సురక్షితమైన మార్గము వేరొకటి కలదు. వైర్‌గార్డ్ అను గుప్తమార్గపు విద్య 2020లో లినక్సు మూలములోనే చేరినది. దానిపై కట్టిన టెయిల్‌స్కేల్ అను సేవను మేము వాడితిమి. దీని పద్ధతి యిది: ఇంటి యంత్రమును, మన ఫోనును రెండును తామే బయటికి పోయి, మధ్యవర్తి ద్వారా ఒకదాని జాడ నొకటి తెలిసికొనును. పిమ్మట తమలో తాము గుప్తమార్గము వేసికొనును. నేరుగా కుదరనపుడు మధ్యవర్తి సరకును చేరవేయును. కాని మూట విప్పి చూడజాలడు. ఇది వ్రాయునాటికి ఒక కుటుంబపు వాడుకకు ఉచితముగనే లభించుచున్నది.

ఆ సేవవారి పుటలో లినక్సునకు చూపిన ఒక్క పంక్తి ఆజ్ఞను యంత్రమునకు ఇచ్చి, తరువాత "టెయిల్‌స్కేల్ అప్" అను ఆజ్ఞ నియ్యవలెను. అది ఒక లంకె చూపును. ఆ లంకెను తెరచి మన ఖాతాతో ప్రవేశించినచో యంత్రము చేరినట్లే. ఫోనులో అదే యాప్‌ను దింపి అదే ఖాతాతో ప్రవేశింపవలెను. యంత్రమునకు 100 అను అంకెతో మొదలగు క్రొత్త చిరునామా వచ్చును. ఎస్‌ఎంబీ తెలిసిన ఫైలు యాప్‌లో ఆ చిరునామాను, మన పేరును, రహస్యపదమును వ్రాసినచో ఎచ్చటనుండియైనను గదులు తెరచుకొనును. ఆ ఖాతాకు రెండంచెల తాళము తప్పక పెట్టవలెను. ఎవరి ఫోనైనను పోయినచో అదేదినమున ఆ ఫోనును పట్టికనుండి తొలగింపవలెను.

మా తప్పు

అంతయు చక్కగా నడచినది. ఆరవ నెల ముగిసిన పిదప ఒక దినమున ఆ రైతు పంటఋణము తిరుగవ్రాయించుకొనుటకై పట్టణమునకు పోయెను. బ్యాంకులో ఒక కాగితపు నకలు అడిగిరి. ఫోను తెరచిన గది తెరచుకొనలేదు. మాకు ఫోను చేసెను, మేమును తెరువలేకపోతిమి. యంత్రము ఇంటిలో వెలుగుచునే యున్నదని ఇల్లాలు చెప్పెను. ఆయన బస్సెక్కి ఇంటికి వచ్చి, కాగితము తీసుకొని, మరునాడు మరల పోయెను. ఒక దినము కూలి, రెండు బస్సు ఛార్జీలు ఆయనవి, తప్పు మాది.

టెయిల్‌స్కేలులో ఒక్కొక్క యంత్రమునకు ఇచ్చు తాళపుచెవికి సాధారణముగా 180 దినముల గడువుండును. గడువు ముగియగానే మరల ప్రవేశింపవలెను. ఫోనులకు ఆ గడువు మంచిదే. ఇంట నిలిచియుండు యంత్రమునకు మాత్రము పాలనపుటలో ఆ గడువును తీసివేయవలెను. మేము ఆ సంగతి చదివియు మరచితిమి. మీరు మరువకుడు.

గాదె వేరు, విత్తనము వేరు

ఏ తెలివిగల రైతును తిండిగింజలను విత్తనపుగింజలను ఒకే కుండలో నుంచడు. ఇంటి యంత్రములోని డిస్కు ఒకనాడు తప్పక చెడును. దొంగ యెత్తుకొనిపోవచ్చును, వరదనీరు రావచ్చును. రెండు డిస్కులను అద్దమువలె జతపరచిన చాలునని కొందరందురు. ఒక డిస్కు చచ్చినపుడు అది కాపాడును. కాని పొరపాటున చెరిపిన ఫైలు రెండింటినుండియు ఒకేసారి పోవును.

కావున లోకములో స్థిరపడిన లెక్క మూడు, రెండు, ఒకటి: మూడు ప్రతులు, రెండు విధములైన వస్తువులమీద, అందు ఒకటి ఇంటికి వెలుపల. మా రైతునకు ఒక ప్రతి ఇంటి యంత్రములో నున్నది. రెండవది నెలకొకసారి తగిలించి నకలు తీసి, పొరుగూరిలోని చెల్లెలి యింట బీరువాలో దాచు డిస్కులో నున్నది. ముఖ్యమైన పది కాగితములకు మూడవ ప్రతి కుమారుని ఆన్‌లైన్ ఖాతాలో నున్నది.

నకలు తీయుటతో పని ముగియదు. మొలక పరీక్షవలె దానిని పరీక్షింపవలెను. మేము రెండవ నెలలో చెల్లెలి యింటి డిస్కును తెప్పించి వేరొక కంప్యూటరులో తెరచితిమి. "భూమి", "ఇల్లు" గదులున్నవి. "పంట" గది లేదు! నకలు పట్టికలో దానిని చేర్చుట మరచితిమి. ఆపద రాకమునుపే తెలియుటచే సరిపోయినది.

పనుల పట్టిక

వారమునకొకసారి: ఫోనులోని క్రొత్త కాగితములను పేరుపెట్టి గదులలో చేర్చుట, బయటినుండి ఒక ఫైలు తెరచి చూచుట.

నెలకొకసారి: రెండవ డిస్కునకు నకలు, పాలనపుటలో వ్యవస్థకు వచ్చిన క్రొత్త మరమ్మతులను ఎక్కించుట, యంత్రపు దుమ్ము దులుపుట.

ఆరునెలలకొకసారి: నకలు డిస్కునుండి ప్రతి గదిలోను ఒక ఫైలును తెరచి పరీక్షించుట; డిస్కు ఆరోగ్యసూచికను చూచుట; ఇంట లేనివారి పేర్లను, పాత ఫోనులను తొలగించుట; రహస్యపదములను ఒక కాగితముపై వ్రాసి అసలు పత్రముల పెట్టెలోనే దాచుట. యజమాని లేనినాడు ఇంటివారికి గాదె తెరచుకొనకపోయినచో కష్టమంతయు వ్యర్థము.

ఈ పనికి గొప్ప చదువు అవసరము లేదు. రెండు ఆదివారముల ఓపికయు, పిల్లల సాయమును చాలును. మా కౌలురైతు మొన్నటి పంటకు కాటా చీటీ చేతికి రాగానే, లారీ కదలకమునుపే, దానిని ఫోటో తీసి "పంట" గదిలో వేసెను. పిమ్మట చీటీని చొక్కా జేబులో పెట్టుకొనుచు, "ఇక ఇది తడిసినా ఫర్వాలేదండి" అనెను.

సభ్యులు నేడే చేయవలసిన మొదటి పని కంప్యూటరు వెదకుట కాదు. పోయినచో తిరిగిరాని పది కాగితములేవో ఒక పట్టిక వ్రాసికొనుడు. ఆ పట్టికతోను, అటకమీది యంత్రముతోను సంఘ సమావేశమునకు రండు. తక్కిన పని కలసి చేయుదము.